ఎక్విపాయిజ్ అంటే ఉత్త బ్యాలెన్సేనా? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

అడిగిన ప్రశ్న ఇది: ఒక ఇంగ్లీషు సంపాదకీయంలో "హెల్డ్ ఇన్ ఎక్విపాయిజ్" అని కనిపించింది. నిఘంటువు చూస్తే "సమతుల్యత" అని ఉంది. మరి బ్యాలెన్స్ అనకుండా ఈ మాట ఎందుకు? పరీక్ష వ్యాసంలో, ఉద్యోగ దరఖాస్తులో దీన్ని వాడొచ్చా? తెలుగులోకి ఎలా తేవాలి?

ముందు సూటిగా జవాబు. రెండు బరువులు ఎదురెదురుగా లాగుతున్నా త్రాసు ఎటూ మొగ్గకుండా నిలిచిపోతే, అది ఎక్విపాయిజ్. ప్రశాంతత వేరు, కదలకుండా ఉండటం వేరు, అన్నీ సమపాళ్లలో ఉండటం వేరు. ఇక్కడ లాగుడు ఆగలేదు. రెండువైపులా సాగుతూనే ఉంది, ఒకటి ఇంకోదాన్ని గెలవలేకపోతోంది, అంతే. అందుకే ఈ మాట వాడే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: మీ వాక్యంలో ఈ తట్టలో ఏముంది, ఆ తట్టలో ఏముంది అని వేలు పెట్టి చూపించగలరా? చూపగలిగితే వాడండి. ఒక్క తట్టే కనబడుతుంటే మీకు కావలసింది బ్యాలెన్సో, కామ్‌నెస్సో, మరొకటో.

స్పెల్లింగ్ దగ్గరే చాలామంది జారతారు. ఈ, క్యూ, యు, ఐ, తర్వాత పి, ఓ, ఐ, ఎస్, ఈ. రెండో సగంలోని ఐ ఎగిరిపోతే "ఈక్విపోజ్" అవుతుంది, ఆ మాట ఇంగ్లీషులో లేదు. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద. "ఎక్విపాయిజ్" అన్నా "ఈక్విపాయిజ్" అన్నా ఒప్పే. చివర వచ్చేది "వాయిస్"లోని స్ కాదు, "నాయిజ్"లోని జ్.

ఈ మాట పుట్టుక తెలిస్తే దాని దగ్గరి చుట్టాలతో తేడా దానంతటదే తెలుస్తుంది. బ్యాలెన్స్ అనేది లాటిన్ "బైలాంక్స్" నుంచి వచ్చింది. బై అంటే రెండు, లాంక్స్ అంటే తట్ట. ఈక్విలిబ్రియంలో ఉన్న "లిబ్రా" అంటే త్రాసు. మన తులారాశిని వాళ్లు లిబ్రా అంటారు కదా, అదే. పౌను బరువును "ఎల్‌బీ" అని రాయడమూ దాన్నుంచే. ఎక్విపాయిజ్‌లో మొదటి సగం "ఈక్వస్", అంటే సమానం. రెండో సగం లాటిన్ "పెండెరె" నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన "పాయిజ్", అసలు అర్థం బరువు. వేలాడదీయడం, తూచడం అనే ఆ ధాతువు నుంచే పెండ్యులం, పెండింగ్, కాంపెన్సేట్, చివరికి పెన్షన్ కూడా వచ్చాయి. పూర్వం చెల్లింపంటే లోహాన్ని తూచి ఇవ్వడమే మరి. అంటే బ్యాలెన్స్ చూపు తట్టల మీద, ఈక్విలిబ్రియం చూపు త్రాసు మీద, ఎక్విపాయిజ్ చూపు బరువుల మీద. ఈ మూడో మాట వాడినప్పుడు చదివేవాడి కళ్లు ఆ బరువుల కోసమే వెతుకుతాయి. కనబడకపోతే వాక్యం డొల్లగా మోగుతుంది.

తెలుగువాళ్లకు ఇది కొత్త ఊహేమీ కాదు. మనకు "తూచు" వేరు, "తూగు" వేరు. తూచేది మనిషి, తూగేది వస్తువు. దానిమీద పుట్టిన "సరితూగు" అన్న క్రియ ఎక్విపాయిజ్‌కు అచ్చమైన జోడీ. కాకపోతే ఇప్పుడు వాడుకలో "పాటలో ఆమెకు సరితూగేవారు లేరు" అని సాటి చెప్పడానికే ఎక్కువగా మిగిలింది. "మొగ్గు" అన్న మాట మరీ పనికొస్తుంది. ఎక్విపాయిజ్ అంటే మొగ్గు లేకపోవడం. సందేహం వచ్చినప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో "ఎటూ మొగ్గడం లేదు" అని తిప్పి చూడండి. అర్థం నిలబడితే ఎక్విపాయిజ్ కూడా నిలబడుతుంది.

ఇక కౌంటర్‌పాయిజ్‌తో తికమక. కౌంటర్‌పాయిజ్ ఒక వస్తువు, అవతలి బరువుకు ఎదురుగా పెట్టే బరువు. దానివల్ల ఏర్పడే స్థితి ఎక్విపాయిజ్. పాత కిరాణా కొట్లలో ఖాళీ త్రాసు ఒకవైపు వాలితే తేలిక తట్టకు చిన్న బరువు కట్టి సరిచేసేవారు, దాన్నే పాసంగం అంటారు. పాసంగం కౌంటర్‌పాయిజ్, కట్టాక ముల్లు నిటారుగా నిలవడం ఎక్విపాయిజ్.

లిఫ్టులో ఇది అంకెలతో సహా కనిపిస్తుంది. గదికి ఎదురుగా తాళ్లకు వేలాడే ఇనుప దిమ్మెల బరువును మామూలుగా ఖాళీ గది బరువుకు, మోయగల బరువులో 40 నుంచి 50 శాతం కలిపి పెడతారు. గది 1000 కిలోలు, పదిమంది పట్టే లిఫ్టు అనుకుందాం. మన దేశంలో మనిషికి 68 కిలోల లెక్కన 680 కిలోలు. అందులో సగం 340 కలిపితే ఎదురు బరువు 1340 కిలోలు. ఐదుగురు ఎక్కినప్పుడు గది వైపు కూడా సరిగ్గా 1340 అవుతుంది. అదీ ఎక్విపాయిజ్. తాళ్ల బరువును పక్కనపెడితే, అప్పుడు మోటారు రాపిడిని, కదలికలోకి తెచ్చే జడత్వాన్ని దాటితే చాలు. ఎవరూ ఎక్కకపోతే ఎదురు బరువే 340 కిలోలు ఎక్కువ కాబట్టి, వింతగా, ఖాళీ గదిని కిందికి దించడానికే మోటారు శ్రమపడాలి. ఎదురు బరువు ఎప్పుడూ అక్కడే ఉంది, ఎక్విపాయిజ్ మాత్రం ఐదుగురు ఎక్కినప్పుడే వచ్చింది. అయితే ఇంజనీరింగ్ నివేదికలో ఆ దిమ్మెలను కౌంటర్‌వెయిట్ అనే రాయాలి. కౌంటర్‌పాయిజ్ అంటే రేడియో ఇంజనీర్లకు యాంటెన్నా కింద నేలకు బదులుగా పరిచే తీగల అమరిక గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. మాట పుట్టుకలో "సమానమైన బరువు" ఉన్నా, వాడుకలో రెండువైపులా ఒకే బరువుండాలన్న నియమం లేదు. తూగుడు బల్ల మీద 30 కిలోల పిల్లవాడు మధ్య ఇరుసుకు 2 మీటర్ల దూరంలో, 20 కిలోల పిల్ల 3 మీటర్ల దూరంలో కూర్చుంటే, రెండువైపులా గుణించిన లబ్ధం 60. బల్ల నిలుస్తుంది. అందుకే ఒక పెద్ద దేశం, ఒక చిన్న దేశం మధ్య కూడా ఎక్విపాయిజ్ ఉండొచ్చు, చిన్నది ఇరుసుకు దూరంగా కూర్చుని ఉంటే. తులాభారం కథలో రాశులు పోసిన బంగారం చేయలేని పని తులసిదళం చేసింది కదా. సమానం కావలసింది ప్రభావం, పరిమాణం కాదు.

ఈక్విలిబ్రియంతో తేడా చాలామందికి పట్టుబడదు. రసాయన సమతాస్థితి, ఉష్ణ సమతాస్థితి, అర్థశాస్త్రంలో సమతౌల్య ధర, వీటన్నిటికీ ఇంగ్లీషులో ఈక్విలిబ్రియమే. ఎక్విపాయిజ్ అని రాస్తే ఆ శాస్త్రం తెలిసినవారు మొహం చిట్లిస్తారు. ఈక్విలిబ్రియం వ్యవస్థ మొత్తానిది, అందులో పది అంశాలున్నా పర్వాలేదు. ఎక్విపాయిజ్‌కు మాత్రం ఇద్దరు పోటీదారులు కావాలి, మహా అయితే ముగ్గురు. ఈక్వానిమిటీ మనసుకు సంబంధించినది, సమచిత్తం. పాయిజ్ ఒక్కటే వస్తే మనిషి నిలకడ, నిబ్బరం. అప్లాంబ్ కూడా ఈ వరసలోదే. ఫ్రెంచిలో అది "సీసపు గుండు ప్రకారం", అంటే మేస్త్రి తూకం గుండు వేలాడదీసి చూసినంత నిటారుగా. గోడ తూకంగా ఉందా అని మన మేస్త్రులు అడిగేది ఆ నిటారుతనం గురించే.

వ్యాకరణానికి వస్తే ఇది ఎక్కువగా లెక్కపెట్టని నామవాచకం. బహువచనం ఉందనుకోకండి. ముందు వచ్చే విభక్తి "ఇన్". "ద టూ హౌసెస్ ఆర్ ఇన్ ఎక్విపాయిజ్" సరైనది. "ఎట్ ఎక్విపాయిజ్", "ఆన్ ఎక్విపాయిజ్" తప్పు. ఎట్ ఈక్విలిబ్రియం ఉంది కాబట్టి అదే ఇక్కడికీ లాక్కొస్తుంటారు, అది కుదరదు. తర్వాత "బిట్వీన్" గానీ "ఆఫ్" గానీ వస్తుంది: "యాన్ ఎక్విపాయిజ్ బిట్వీన్ ఫ్రీడమ్ అండ్ ఆర్డర్". ఇలా తర్వాత "బిట్వీన్" వచ్చినా, ముందు విశేషణం ఉన్నా "యాన్" పెట్టొచ్చు: "యాన్ అనీజీ ఎక్విపాయిజ్", అంటే ఎప్పుడు ఒరిగిపోతుందో తెలియని సమతూకం. దీనికి నప్పే క్రియలు హోల్డ్, మెయిన్‌టెయిన్, డిస్టర్బ్, అప్‌సెట్. "ఎక్విపాయిజ్డ్" అనే విశేషణమూ ఉంది. క్రియగా కూడా నిఘంటువుల్లో ఉంది గానీ ఈ రోజుల్లో అరుదు. మొదటిసారి వాడేవారు "ఇన్ ఎక్విపాయిజ్" దగ్గరే ఆగడం క్షేమం.

తప్పు వాడుకలు కొన్ని చూడండి. "ఐ లాస్ట్ మై ఎక్విపాయిజ్ అండ్ ఫెల్ ఆఫ్ ద బైక్": బండి మీంచి పడినవాడు కోల్పోయింది బ్యాలెన్సే. "మై అకౌంట్ ఎక్విపాయిజ్": ఖాతాలో ఉండేది మిగులు, దానికి ఈ మాటతో సంబంధమే లేదు. "ఎ డైట్ ఇన్ ఎక్విపాయిజ్": ఆహారంలో పప్పూ కూరా ఒకదాన్నొకటి లాగవు, బ్యాలెన్స్‌డ్ డైట్ అనండి. "వర్క్-లైఫ్ ఎక్విపాయిజ్" విషయంలో రెండు తట్టలున్నాయి కాబట్టి తర్కప్రకారం తప్పు పట్టలేం, కానీ నలిగిన పదబంధాన్ని విరిచి అరుదైన మాట అతికిస్తే చదివేవాడికి మీ ఆర్భాటమే కనిపిస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో అసలు వద్దు. పరీక్ష వ్యాసంలో ఒకసారి, కేంద్ర-రాష్ట్ర అధికారాలో, హక్కులు-బాధ్యతలో చెప్పేచోట వాడితే అందంగా ఉంటుంది. రెండోసారి వాడితే అందం పోతుంది.

ఈ మాట అలంకారంగా కాక, పనిముట్టుగా బతికి ఉన్న చోటు వైద్య పరిశోధన. అక్కడ "క్లినికల్ ఎక్విపాయిజ్" అనేది పారిభాషిక పదం, దీన్ని మాత్రం కచ్చితంగా తెలుసుకోవాలి.

సమస్య ఇలా మొదలవుతుంది. రెండు మందుల్లో ఏది మేలో తేల్చడానికి రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. కానీ తన రోగికి తెలిసినంతలో మేలైన వైద్యం చేయడం డాక్టరు ధర్మం. ఒక మందు మేలని తెలిసి కూడా చీటీ ప్రకారం రెండోది ఎలా ఇస్తాడు? 1974లో న్యాయశాస్త్రవేత్త చార్లెస్ ఫ్రైడ్ ఈ చిక్కును ఎక్విపాయిజ్ అన్న మాటతో చర్చకు తెచ్చాడు: డాక్టరు మనసు ఎటూ మొగ్గకుండా ఉంటేనే చీటీ వేయడం న్యాయం. బాగానే ఉంది గానీ ఇది మరీ నాజూకైన త్రాసు. రెండు కేసులు చూసేసరికి ఏ డాక్టరుకైనా ఎంతో కొంత మొగ్గు వస్తుంది. ఆ లెక్కన ఏ ప్రయోగమూ ముగింపుదాకా సాగదు. 1987లో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దీనికి దారి చూపాడు. చూడాల్సింది ఒక్క డాక్టరు మనసును కాదు, ఆ వైద్యరంగంలోని నిపుణుల మధ్య నిజాయితీగల భేదాభిప్రాయం ఉందా లేదా అన్నది. అది ఉన్నంతకాలం, తనకు కొంచెం మొగ్గున్న డాక్టరు కూడా రోగిని ప్రయోగంలో చేర్చొచ్చు. దీనికే అతను క్లినికల్ ఎక్విపాయిజ్ అని పేరు పెట్టాడు.

ఇక్కడ విద్యార్థులు చేసే పెద్ద తప్పు ఒకటుంది. క్లినికల్ ఎక్విపాయిజ్ అంటే "రెండు మందులూ సమానంగా పనిచేస్తాయి" అని రాస్తారు. కాదు. మందుల్లో ఒకటి నిజంగా మేలైనదే కావచ్చు. సమతూకం ఉన్నది మందుల బలంలో కాదు, అప్పటికి మనకున్న సాక్ష్యాల్లో. రెండు మందులూ దాదాపు సమానమని రుజువు చేయడానికి చేసే ప్రయోగం వేరే ఉంది, దాన్ని ఈక్వివలెన్స్ ట్రయల్ అంటారు. పేర్ల మొదట్లో "ఈక్వి" ఉండటంతో రెండూ కలిసిపోతాయి.

ఆ సమతూకం ఎలా చెదురుతుందో చూడాలంటే 1994 నాటి ఉదాహరణ బాగుంటుంది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణుల నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా జిడోవుడిన్ అనే మందు ఆపుతుందా అని అమెరికా, ఫ్రాన్స్‌లలో ప్రయోగం చేశారు. మధ్యలో లెక్కలు చూస్తే ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టులో 25.5 శాతం బిడ్డలకు, మందు ఇచ్చిన జట్టులో 8.3 శాతానికి సోకింది. ముల్లు అంత గట్టిగా ఒరిగాక చీటీ వేయడం అన్యాయం కాబట్టి ప్రయోగాన్ని ముందే ఆపేశారు. తర్వాత పేద దేశాల్లో తక్కువ ఖర్చు మోతాదును మళ్లీ ఉత్తుత్తి మాత్రతో పోల్చి పరీక్షించినప్పుడు 1997లో పెద్ద రగడ జరిగింది. ఒక చోట తెగిపోయిన ఎక్విపాయిజ్ ఇంకోచోట ఉందనొచ్చా అన్నదే ఆ గొడవంతా.

తెలుగు అంగీకార పత్రాలు అనువదించేవారికి ఒక మాట. అక్కడ "వైద్య సమతౌల్యం" అని రాస్తే సంతకం పెట్టే మనిషికి ఏమీ అర్థం కాదు. "ఈ రెండు వైద్యాల్లో ఏది మేలో డాక్టర్లకే ఇంకా తేలలేదు, తేల్చడానికే ఈ పరీక్ష" అని రాయండి. మాట పోయినా ఫర్వాలేదు, విషయం చేరుతుంది.

న్యాయస్థానాల్లోనూ ఈ మాట తరచూ వినిపిస్తుంది: "ద ఎవిడెన్స్ ఈజ్ ఇన్ ఎక్విపాయిజ్". ఇరుపక్షాల సాక్ష్యాలూ సరిసమానంగా ఉంటే ఎవరు గెలవాలి? రుజువు భారం ఎవరి మీదుందో వారు ఓడిపోతారు. మామూలు సివిల్ దావాలో ఆ భారం దావా వేసినవారిది. ఫిలిప్పీన్స్‌లో దీనికి "ఎక్విపాయిజ్ రూల్" అనే పేరే ఉంది: నేరవిచారణలో రెండువైపులా సాక్ష్యం సరితూగితే నిందితుడు నిర్దోషి. అమెరికాలో మాజీ సైనికుల పరిహారం కేసుల్లో మాత్రం చట్టమే అర్జీదారు పక్షం వహిస్తుంది, సాక్ష్యం దాదాపు సమంగా ఉంటే సందేహ ప్రయోజనం అతనికే. ఒకే స్థితి, మూడు ఫలితాలు. ఎక్విపాయిజ్ తీర్పు చెప్పదు, తీర్పును మరో సూత్రానికి అప్పగిస్తుంది.

చరిత్ర పుస్తకాల్లో "ఏజ్ ఆఫ్ ఎక్విపాయిజ్" కనిపిస్తే అది 1850ల, 1860ల ఇంగ్లండు. డబ్ల్యూ. ఎల్. బర్న్ అనే చరిత్రకారుడు 1964లో ప్రచారంలోకి తెచ్చిన పేరు. పాత అధికారం, కొత్త సంస్కరణ రెండూ బలంగా ఉండి ఒకదాన్నొకటి నిలువరించిన కాలమని భావం.

మనవాళ్లలో చాలామందికి ఈ మాట మొదట తగిలేది భగవద్గీతలో అయ్యుండొచ్చు. ఇస్కాన్ వారు పంచే ఇంగ్లీషు గీతలో 2వ అధ్యాయం 48వ శ్లోకంలో "ఎక్విపాయిజ్డ్" ఉంది. "సిద్ధ్యసిద్ధ్యోః సమో భూత్వా" అన్నచోట అది చక్కగా అమరింది కూడా, ఎందుకంటే సిద్ధి ఒక తట్ట, అసిద్ధి రెండో తట్ట. శ్లోకమే రెండింటినీ పేరు పెట్టి చెప్పింది. అదే శ్లోకం చివరి "సమత్వం"కు అనువాదకులు ఈక్వానిమిటీ వాడారు. మొదటిది బరువుల మధ్య నిలబడటం, రెండోది దానివల్ల వచ్చే మనఃస్థితి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒకే మాటను అన్నిచోట్లా రుద్దకండి. రాజకీయ వ్యాసంలో "సమతూకం" బాగుంటుంది, "సమతౌల్యం" కన్నా చదవడానికీ తేలిక. "అనీజీ ఎక్విపాయిజ్" వస్తే "కుదురులేని సమతూకం" అనొచ్చు. సాక్ష్యాల విషయంలో "ఎటూ మొగ్గని సాక్ష్యం", "ఇరువైపులా సరిసమానంగా ఉంది" అంటే చాలు. నృత్యం, శిల్పం గురించైతే "తూగు". వైద్యంలో పరిభాష తప్పదనుకుంటే "క్లినికల్ ఎక్విపాయిజ్" అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. "సమతుల్యత" మరీ విశాలమైన మాట. పర్యావరణం నుంచి పోషకాల దాకా అన్నిటికీ వాడేశాం, అందులో ఎదురుబరువుల ఊసు దాదాపు అరిగిపోయింది.

చివరగా, ఈ మాటను ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. గుర్రాలకు వేసే బోల్డెనోన్ అన్డెసిలినేట్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ఎక్విపాయిజ్ అనేది వాణిజ్య నామం. లాటిన్‌లో గుర్రాన్ని "ఎక్వుస్" అంటారు, పేరు పెట్టినవారికి ఆ శ్లేష కలిసొచ్చింది. కండలు పెంచేవారిలో కొందరు దాన్ని దొంగచాటుగా వాడతారు, అంతర్జాతీయ డోపింగ్ నిషేధిత జాబితాలో ఉంది. కాబట్టి మాట ఒక్కటే కొడితే వ్యాయామశాలల గోల వచ్చి పడుతుంది. పక్కన "మీనింగ్" అనో "క్లినికల్" అనో చేర్చి వెతకండి.